ఫైటర్ చేపలకు అంతుపట్టని జబ్బు: మందు వేసే ముందు చూడవలసినవి, నివారణ పద్ధతులు

వ్యవసాయానికి తోడుగా పెరట్లో రంగు చేపలు పెంచే చిన్న రైతులు ముందుగా ఎంచుకునే రకాల్లో ఫైటర్ చేప ఒకటి. దీన్నే బెట్టా అని కూడా అంటారు. దీనికి తక్కువ నీళ్లు చాలు, గాలి మోటారు లేకపోయినా బతుకుతుంది, మూడు నాలుగు నెలల్లో రంగు తేలి అమ్మకానికి వస్తుంది. అయితే అమ్మకానికి వచ్చే సమయంలోనే చేప మేత మానేసి, రెక్కలు ముడుచుకుని, అడుగున పడి ఉండటం చాలామందికి ఎదురయ్యే సమస్య. రంగు తగ్గి, రెక్కలు చిరిగిన చేపను ఎవరూ కొనరు. నెలల తరబడి పెట్టిన మేత, పడిన శ్రమ వృథా అవుతాయి.

ఇలాంటప్పుడు ఎక్కువ మంది దుకాణానికి వెళ్లి ఏదో ఒక మందు తెచ్చి వేస్తారు. తగ్గకపోతే మర్నాడు ఇంకొకటి వేస్తారు. జబ్బు కంటే ఈ మందుల కలయిక వల్లే చనిపోయే చేపలు తక్కువేమీ కాదు. "ఏం జబ్బో తెలియడం లేదు" అనుకునే సందర్భాల్లో చాలా వాటికి మూలం నీటిలోనే ఉంటుంది. అందుకే ముందు నీటిని, తరువాత చేపను పరిశీలించి, చివరగా మందు గురించి ఆలోచించాలి. ఈ వరుస తప్పకూడదు.

మొదట వేసుకోవలసిన ప్రశ్న: ఎన్ని చేపలు, ఎంతసేపట్లో?

మగ ఫైటర్ చేపలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి కాబట్టి వాటిని ఒక్కో సీసాలో ఒక్కొక్కటిగా ఉంచుతాం. జబ్బు కారణం కనిపెట్టడానికి ఈ పద్ధతి బాగా ఉపయోగపడుతుంది. ఏ సీసాల్లో చేపలు నలతగా ఉన్నాయో, ఏవి బాగున్నాయో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి.

- కొన్ని గంటల్లోనే అన్ని సీసాల్లో చేపలు ఒకేసారి తల్లడిల్లితే అది జబ్బు కాదు. విషం, క్లోరిన్, చలి, ఎండ వేడి, వీటిలో ఏదో ఒకటి కారణం.
- నీళ్లు మార్చిన రోజో, మర్నాడో చేపలు పడిపోతే కొత్త నీటిలోనో, మార్చిన తీరులోనో లోపం ఉంది.
- ఒక సీసాలో మొదలై, రోజుల వ్యవధిలో ఒకే వల, ఒకే గొట్టం వాడిన మిగతా సీసాలకు పాకితే అది అంటు జబ్బు.
- ఒక్క చేప మాత్రమే పొట్ట ఉబ్బి పక్కకు ఒరిగి ఈదుతుంటే ముందుగా మేత ఎక్కువైందేమో చూడాలి.
- వారాల తరబడి ఒక్కొక్కటే చిక్కిపోయి, నడుము వంగి చనిపోతుంటే చేపల క్షయ అయి ఉండవచ్చు.

ఈ గుర్తులు రాసుకుంటే సగం రోగ నిర్ధారణ పూర్తయినట్లే.

నీటి పరీక్ష

నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండకూడదు. అమ్మోనియా కంటికి కనిపించదు. చేప విసర్జన, తినకుండా మిగిలిన మేత కుళ్లడం వల్ల ఇది పుడుతుంది. లీటరు, రెండు లీటర్ల సీసాలో వడపోత ఉండదు కాబట్టి రెండు మూడు రోజుల్లోనే పేరుకుపోతుంది. రంగు చేపల దుకాణాల్లో అమ్మోనియా, పీహెచ్ పరీక్ష కిట్లు దొరుకుతాయి. పది సీసాలు దాటి పెంచే ప్రతి రైతూ ఈ రెండూ దగ్గర ఉంచుకోవాలి.

అమ్మోనియా: ఎంత ఉన్నా మంచిది కాదు. అది ఎంత విషం అన్నది పీహెచ్ మీద ఆధారపడి ఉంటుంది. 28 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో ఒక శాతం లోపే విష రూపంలో ఉంటుంది. పీహెచ్ 8 ఉంటే సుమారు 6 శాతం, 8.5 ఉంటే సుమారు 18 శాతం విషంగా మారుతుంది. మన ప్రాంతాల్లో చాలా బోరు నీళ్లకు క్షార గుణం ఎక్కువ. అందుకే పక్క ఊళ్లో పనిచేసిన పద్ధతి మన బోరు నీటిలో పనిచేయకపోవచ్చు.

నీళ్లు మార్చగానే చనిపోవడం: "పాత నీళ్లలో బాగానే ఉన్నాయి, శుభ్రం చేస్తే చచ్చిపోయాయి" అనే రైతులు చాలామంది. దీనికి కారణం ఉంది. చాలా రోజులు మార్చని నీటిలో పీహెచ్ క్రమంగా పడిపోతుంది. అందులో అమ్మోనియా ఎక్కువగా ఉన్నా విషం లేని రూపంలో ఉంటుంది. ఆ సీసాలో క్షార గుణం ఉన్న బోరు నీళ్లు సగానికి పైగా ఒక్కసారిగా పోస్తే పీహెచ్ పెరిగి, మిగిలిన అమ్మోనియా అప్పటికప్పుడే విషంగా మారుతుంది. అందుకే పాత నీటికి, కొత్త నీటికి పీహెచ్ తేడా 0.5 దాటితే ఒక్కసారిగా మార్చకూడదు. ఐదో వంతు చొప్పున ఉదయం, సాయంత్రం మారుస్తూ రెండు మూడు రోజుల్లో పూర్తి చేయాలి. తేడా లేకపోతే సగం నీళ్లు ఒకేసారి మార్చవచ్చు.

క్లోరిన్: కుళాయి నీటిలో ఉండే క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది. వెడల్పాటి తొట్టిలో కనీసం 24 గంటలు నిలవ ఉంచి, మధ్యలో ఒకటి రెండుసార్లు బాగా కలిపి వాడాలి. బోరు నీటిలో కరిగిన బొగ్గుపులుసు గాలి ఎక్కువగా ఉంటుంది కాబట్టి దానినీ ఇలాగే నిలవ ఉంచాలి.

వేడి: ఫైటర్ చేప థాయిలాండ్ ప్రాంతపు వెచ్చని నీళ్లలో పుట్టిన రకం. 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ దీనికి అనుకూలం. సీసాలో నీళ్లు తక్కువ కాబట్టి బయటి చలి, వేడి వెంటనే తగులుతాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్లు 20 డిగ్రీలకు పడిపోతే చేప కదలదు, మేత ముట్టదు, రెక్కలు ముడుచుకుంటుంది. చూసేవారికి ఇది పెద్ద జబ్బులా కనిపిస్తుంది. ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు థర్మామీటరుతో నీటి వేడి చూసి రాసుకోండి. రెండింటికీ ఐదారు డిగ్రీల తేడా ఉంటే చేప నీరసించడానికి అదొక్కటే చాలు. సీసాలన్నిటినీ నీళ్లు పోసిన పెద్ద తొట్టిలో నిలబెట్టి, ఆ తొట్టిలో హీటరు పెడితే ఖర్చు తక్కువ, వేడి నిలకడగా ఉంటుంది. వేసవిలో రేకుల షెడ్డులో పైన తాటాకులు లేదా నీడ వల కప్పాలి.

మూత: ఈ చేప నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. దానికోసం తలలో ప్రత్యేక శ్వాస అవయవం ఉంటుంది. కాబట్టి అప్పుడప్పుడు పైకి రావడం జబ్బు కాదు. మాటిమాటికీ వచ్చి నోరు తెరుస్తుంటే, మొప్పలు వేగంగా ఆడుతుంటే నీళ్లు చెడినట్లు, లేదా మొప్పలకు జబ్బు సోకినట్లు. మూత పెట్టాలి కానీ గాలి ఆడే రంధ్రాలు ఉండాలి.

పురుగుమందుల ప్రభావం

రైతు ఇంట్లో మరింత జాగ్రత్తగా చూడవలసిన విషయం ఇది. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్, డెల్టామెత్రిన్ వంటి పైరిత్రాయిడ్ మందులు చేపలకు అతి తక్కువ మోతాదులో కూడా ప్రాణాంతకం. దోమల కోసం వాడే చాలా రకాల చుట్టలు, ద్రవాలు, స్ప్రేలలో ఉండేవీ ఇదే జాతి మందులు. ఈ చేప నీటి పైభాగంలోని గాలిని కూడా పీల్చుకుంటుంది కాబట్టి ముప్పు రెట్టింపు.

- పొలంలో మందు కొట్టి వచ్చిన రోజు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే చేపల దగ్గరకు వెళ్లాలి.
- మందు కలిపిన బకెట్, మగ్గు ఎంత కడిగినా చేపల నీటికి వాడకూడదు.
- చేపలున్న గదిలో దోమల చుట్ట, స్ప్రే వాడకూడదు. దోమతెర వాడుకోవాలి.
- నీటిలో వేసే బాదం ఆకులు మందు కొట్టని చెట్టువే అయి ఉండాలి.

చేపలు గిరగిరా తిరుగుతూ, వణుకుతూ, గోడలకు కొట్టుకుంటూ ఉంటే విషం తగిలినట్లు అనుమానించి, వెంటనే అదే వేడి ఉన్న నిలవ నీటిలోకి మార్చాలి. దీనికి వేరే మందు లేదు.

చేపను పరిశీలించే విధానం

నీళ్లు సరిగా ఉన్నాయని తేలాకే చేప వైపు చూడాలి. ఉదయం మేత వేయకముందు చూస్తే మంచిది.

1. పక్క నుంచి: రెక్కల అంచులు, కళ్లు, ఒంటి మీద మచ్చలు.
2. పై నుంచి: పొట్ట రెండు వైపులా సమానంగా ఉందా, పొలుసులు లేచి ఉన్నాయా.
3. చీకటి చేసి టార్చి వేసి: ఒంటి మీద పసుపు పొడి చల్లినట్లు మెరుపు ఉందా.
4. మేత వేసి: వచ్చి తింటుందా, నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుందా.
5. అడుగున: విసర్జన రంగు ఎలా ఉంది. తెల్లగా దారంలా ఉంటే మేత మానేసి ఉండవచ్చు, కడుపులో జబ్బు కూడా ఉండవచ్చు.

లక్షణాలను బట్టి జబ్బులు, చికిత్స

తెల్ల మచ్చల జబ్బు: ఒళ్లంతా ఉప్మా రవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు వస్తాయి. చేప ఒంటిని గోడలకు రుద్దుకుంటుంది. చలికాలంలో, చేపలను రవాణా చేసిన తరువాత ఎక్కువ. ఈ పరాన్నజీవి చేప చర్మం కింద ఉన్నంతసేపు మందు దానికి తగలదు. రాలి కింద పడి, పిల్లలు పెట్టి, అవి నీటిలో ఈదే దశలోనే చస్తాయి. అందుకే మచ్చలు పోయాయని మూడో రోజే మందు ఆపితే మళ్లీ వస్తుంది. నీటి వేడిని రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 29 నుంచి 30 డిగ్రీలకు పెంచి, లీటరుకు 2 గ్రాముల ఉప్పు వేసి, 10 నుంచి 14 రోజులు కొనసాగించాలి.

పసుపు పొడి జబ్బు: దీన్ని వెల్వెట్ అంటారు. తెల్ల మచ్చల కంటే చాలా సన్నని, బంగారు రంగు పొడి టార్చి వెలుగులోనే కనిపిస్తుంది. మామూలు వెలుతురులో కనిపించదు కాబట్టి దీన్నే ఎక్కువ మంది అంతుపట్టని జబ్బు అనుకుంటారు. చేప రెక్కలు ముడుచుకుని, రంగు మాసి, మేత మానేస్తుంది. పిల్ల చేపలను గుంపులుగా చంపుతుంది. ఈ పరాన్నజీవికి వెలుతురు నుంచి ఆహారం తయారు చేసుకునే గుణం కొంత ఉంది. కాబట్టి తొట్టికి నల్ల గుడ్డ కప్పాలి. లీటరుకు 2 గ్రాముల ఉప్పు, 2 మిల్లీగ్రాముల మిథిలీన్ బ్లూ కలిపి 7 నుంచి 10 రోజులు ఉంచాలి.

రెక్కలు కుళ్లడం: రెక్కల అంచులు నల్లగా లేదా ఎర్రగా మారి, రోజురోజుకూ తరిగిపోతాయి. దీనికి మూలం చెడిన నీళ్లే. రోజూ పావు వంతు నీళ్లు మార్చి, లీటరుకు 1 నుంచి 2 గ్రాముల ఉప్పు వారం పాటు వాడితే చాలావరకు తగ్గుతుంది. అంచున సన్నని పారదర్శకమైన కొత్త రెక్క కనిపిస్తే నయమవుతున్నట్లే. అంచు రంగు మారకుండా ఒక్క రాత్రిలో చిరిగితే అది కుళ్లు కాదు. చేప తన తోకను తానే కొరుక్కోవడం, గరుకు వస్తువుకు తగలడం కారణం కావచ్చు.

దూది జబ్బు: నోటి మీద, వీపు మీద తెల్లని దూదిలా కనిపిస్తే అందరూ బూజు అనుకుంటారు. గాయం మీద పొడవాటి పోగులుగా ఉంటే బూజే కావచ్చు. దానికి మిథిలీన్ బ్లూ పనిచేస్తుంది. కానీ నోటి చుట్టూ బూడిద రంగు పూతలా, వీపు మీద జీను వేసినట్లు పట్టీగా ఉండి గంటగంటకూ పెరిగితే అది కాలమ్నారిస్ అనే బాక్టీరియా జబ్బు. ఒకటి రెండు రోజుల్లోనే చంపగలదు. ఇక్కడ తెల్ల మచ్చలకు చేసినట్లు వేడి పెంచితే జబ్బు ఇంకా వేగంగా ముదురుతుంది. నీటి వేడిని మెల్లగా 25 డిగ్రీల దగ్గరకు తెచ్చి, లీటరుకు 2 నుంచి 3 గ్రాముల ఉప్పు వేసి, వెంటనే మత్స్య నిపుణులను సంప్రదించాలి.

పొట్ట ఉబ్బడం: పొలుసులు మామూలుగా ఉండి, పొట్ట ఉబ్బి, చేప పక్కకు ఒరిగితే మేత ఎక్కువై మలబద్ధకం వచ్చినట్లు. ఫైటర్ చేప పొట్ట దాని కంటి అంత ఉంటుందని గుర్తుంచుకోవాలి. రెండు మూడు రోజులు మేత ఆపి, తరువాత కొద్దిగా నీటి ఈగలు వేయాలి. తగ్గకపోతే లీటరుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము మెగ్నీషియం సల్ఫేటు వాడవచ్చు. ఇది మందుల దుకాణంలో దొరికేదే కావాలి, పంటకు వేసే ఎరువు రకం వద్దు.

పొలుసులు లేవడం: పై నుంచి చూస్తే పొలుసులన్నీ విచ్చుకుని దేవదారు కాయలా కనిపిస్తాయి. మూత్రపిండాలు దెబ్బతిని ఒంట్లో నీరు చేరినప్పుడు ఇలా అవుతుంది. ఈ దశలో బతికేవి చాలా తక్కువ. ఇందులో మామూలు ఉప్పు వాడకూడదు. ఆ చేపను వేరు చేసి, మిగతా వాటి నీటిని సరిచూసుకోవడం లాభం.

చిక్కిపోవడం, నడుము వంగడం: చేపల క్షయకు నమ్మకమైన చికిత్స లేదు. ఆ చేప నుంచి పిల్లలు తీయకూడదు, అమ్మకూడదు.

కారణం తేలకపోతే మొదటి మూడు రోజులు

అన్నీ చూసినా ఏ జబ్బో తేలకపోతే ఈ విధంగా చేయండి. దీనివల్ల చేపకు హాని ఉండదు.

- మొదటి రోజు: చేపను 5 నుంచి 10 లీటర్ల విడి తొట్టిలోకి మార్చండి. నీటి లోతు జానెడు దాటకుండా ఉంటే గాలి కోసం పైకి రావడం తేలిక. సగం పాత నీళ్లు, సగం నిలవ నీళ్లు పోయండి. పీహెచ్ తేడా ఎక్కువగా ఉంటే ముందు చెప్పినట్లు మెల్లగా కలపండి. మేత ఆపండి. వేడి 26 నుంచి 27 డిగ్రీలు ఉంచండి. పైన గుడ్డ కప్పండి.
- రెండో రోజు: పావు వంతు నీళ్లు మార్చండి. పొలుసులు లేవకపోతే లీటరుకు ఒక గ్రాము ఉప్పు, ఎండిన బాదం ఆకు ఒకటి కడిగి వేయండి. ఈ ఆకు నీటికి లేత టీ రంగు ఇస్తుంది, పీహెచ్‌ను కొద్దిగా తగ్గిస్తుంది.
- మూడో రోజు: మళ్లీ పావు వంతు మార్చి, తీసిన నీటికి సరిపడా ఉప్పు మాత్రమే కలపండి. రెండు గింజల మేత వేసి చూడండి. తింటే అదే పద్ధతి కొనసాగించండి. తినకపోతే లక్షణాలు మళ్లీ పరిశీలించండి. ఈపాటికి అసలు జబ్బు బయటపడుతుంది.

మోతాదు లెక్క

తొట్టిలో ఎన్ని లీటర్లు ఉన్నాయో లీటరు సీసాతో కొలిచి పోస్తేనే తెలుస్తుంది. అంచనాతో మందు వేయకూడదు.

- ఉప్పు: లీటరుకు 2 గ్రాముల చొప్పున 10 లీటర్లకు 20 గ్రాములు. మందు, మసాలా కలపని కళ్లుప్పు వాడాలి. విడిగా కరిగించి, సగం ఇప్పుడు, సగం 12 గంటల తరువాత పోయాలి. నీళ్లు ఆవిరైనా ఉప్పు పోదు. తగ్గిన నీటి బదులు పోసే నీటిలో ఉప్పు కలపకూడదు. 3 లీటర్లు తీసి మారిస్తే 6 గ్రాములు మాత్రమే కలపాలి.
- మిథిలీన్ బ్లూ: 1 శాతం ద్రావణమైతే 10 లీటర్లకు 1 మి.లీ. వేస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము అవుతుంది. సీసా మీద శాతం చూసి లెక్క కట్టాలి. వడపోత ఉన్న తొట్టిలో వేస్తే అందులోని మేలు చేసే బాక్టీరియా చస్తుంది కాబట్టి విడి తొట్టిలోనే వాడాలి.

చేయకూడనివి

- ఇంట్లో ఉన్న మైలుతుత్తం చిటికెలతో వేయకూడదు. రాగి మందుకు, విషానికి మధ్య తేడా చాలా తక్కువ.
- మనుషుల యాంటీబయాటిక్ గొట్టాలు విప్పి పోయకూడదు. ఆక్సీటెట్రాసైక్లిన్ వంటివి కఠిన జలంలోని కాల్షియంతో కలిసి పనిచేయకుండా పోతాయి. జబ్బు తగ్గదు, మందుకు లొంగని బాక్టీరియా మాత్రం పెరుగుతుంది.
- రెండు మందులు ఒకేసారి కలపకూడదు. ఈ వ్యాసంలో చెప్పిన ఉప్పు, మిథిలీన్ బ్లూ కలయిక మాత్రమే మినహాయింపు.
- మందు వేసిన నీళ్లను తినే చేపలున్న చెరువులోకి, కుంటలోకి వదలకూడదు. జబ్బు చేపలను కాలువల్లో పారేయకూడదు. సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.

జబ్బు పాకకుండా, మనకు సోకకుండా

కొత్తగా కొన్న చేపలను రెండు వారాలు విడిగా ఉంచాలి. జబ్బు తొట్టికి వేరే వల, వేరే గొట్టం కేటాయించాలి. రోజూ ఆరోగ్యంగా ఉన్న చేపల పని ముందు, జబ్బు చేపల పని చివర చేయాలి. మురుగు కాలువల నుంచి తెచ్చిన దోమ పిల్లలు, ఎర్ర పురుగుల ద్వారా జబ్బులు వస్తాయి. మేతకు అవసరమైతే ఇంట్లోనే శుభ్రమైన నీటిలో పెంచుకోవాలి.

చేపల క్షయ కలిగించే బాక్టీరియా చేతి గాయాల ద్వారా మనుషులకూ సోకి, చర్మం మీద మానని గడ్డలు కలిగిస్తుంది. చేతికి దెబ్బ ఉంటే తొడుగు వేసుకోవాలి. నీళ్లు తీయడానికి గొట్టాన్ని నోటితో పీల్చకూడదు. గొట్టం నిండా నీళ్లు నింపి, రెండు చివరలా వేలితో మూసి వాడుకోవాలి. గడ్డ మానకపోతే డాక్టరుకు చేపల పని చేస్తున్నట్లు తప్పక చెప్పాలి.

నిపుణులకు చూపించేటప్పుడు

చనిపోయి గంటలు గడిచిన చేపలో జబ్బు తేలదు. లక్షణాలున్న చేపను ప్రాణంతో, ఆక్సిజన్ నింపిన కవరులో తీసుకెళ్లాలి. అప్పుడే చనిపోయినదైతే కవరులో పెట్టి ఐసు మీద ఉంచాలి, గడ్డ కట్టించకూడదు. తొట్టి నీళ్లు లీటరు విడిగా పట్టుకెళ్లాలి. ఎప్పుడు మొదలైంది, ఎన్ని చేపలు, ఏ మందు ఎంత వేశారు అన్న కాగితం వెంట ఉండాలి.

మండల, జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ముందుగా అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు జిల్లా ముత్తుకూరులోని, తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరులోని మత్స్య కళాశాలల్లో నిపుణులు ఉన్నారు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే సలహా అడగవచ్చు.

ముఖ్యాంశాలు

- ఒకేసారి అన్నీ పడిపోతే నీళ్లు, వేడి, విషం చూడండి. ఒక్కొక్కటిగా పడిపోతే జబ్బు వెతకండి.
- పాత నీళ్లు ఒక్కసారిగా మార్చకండి.
- ఉదయం థర్మామీటరు, రాత్రి టార్చి: ఈ రెండూ చాలా జబ్బులను ముందే పట్టిస్తాయి.
- వేడి పెంచే ముందు అది తెల్ల మచ్చో, దూది జబ్బో తేల్చుకోండి.
- పేరు తెలియని జబ్బుకు పేరున్న మందు వేయకండి. శుభ్రమైన నీళ్లు, నిలకడైన వేడి, మూడు రోజుల ఓపికతో మొదలుపెట్టండి.